మత్తెవరిది, తప్పెవరిది
(మత్తు కథ: అయిదో భాగం)

పోయిన భాగంలో ఈథర్‌ని బోస్టన్ నుంచి కలకత్తా దాకా తెచ్చి ఆపాం. 1846 అక్టోబరు 16న అమెరికాలో మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఆ ఆవిరి పీల్పించి ఒక యువకుడి మెడ మీది కంతిని నొప్పి లేకుండా కోయించాడు. ఆరు నెలలు తిరక్కముందే, 1847 మార్చిలో, కలకత్తా వైద్య కళాశాలలోనూ అదే పని జరిగింది. ఈ భాగం క్లోరోఫామ్‌ది. అందులోనూ మనకి కృష్ణ అవతలి ఒడ్డున, నైజాం రాజ్యంలో జరిగిన కథ.

ముందు 1889 నాటి వినుకొండని తలుచుకుందాం. అప్పటికి గుంటూరు జిల్లాయే లేదు. 1859లో దాన్ని ఎత్తేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ వేరుపడింది 1904లో. పల్నాడు పేరుతో జిల్లా రావడానికి 2022 ఏప్రిల్ దాకా ఆగాలి. ఈ ఊరి కవి గుర్రం జాషువా పుట్టడానికి ఇంకా ఆరేళ్లుంది. అప్పటి ఊళ్లలో ఎముక విరిగితే కట్టు కట్టే మనిషి ఉండేవాడు, కురుపు కోయడానికి మంగలి కత్తి ఉండేది, పురుటికి మంత్రసాని ఉండేది. కోతకి ముందు పట్టించేది కల్లో, సారాయో, నల్లమందో. అవేవీ సరిపోకపోతే కాళ్లూ చేతులూ అదిమిపట్టే నలుగురు గట్టి మనుషులు. గుంటూరులో అన్నా కుగ్లర్ దొరసాని ఆసుపత్రి తలుపులు తెరిచింది కూడా 1898లోనే.

కల్లు పట్టించి కోయడం మోటు పద్ధతని కొట్టిపారేయకండి. సుశ్రుతుడు చెప్పింది ఇంచుమించు అదే. శస్త్రం పట్టేముందు రోగికి ఇష్టమైన అన్నం పెట్టమన్నాడు, తాగే అలవాటున్నవాడికి ఘాటైన మద్యం తాగించమన్నాడు. కడుపులో అన్నముంటే సొమ్మసిల్లడు, మద్యం తలకెక్కితే కోత తెలీదు. ఆనాటికి అది సబబే. ఇవాళ అదే పని చేసి ఆపరేషన్ బల్ల దగ్గరికి వెళ్తే మత్తు డాక్టరు వెనక్కి పంపేస్తాడు. ఎందుకంటే ఇప్పుడిచ్చే మత్తులో దగ్గూ మింగుడూ అన్నీ ఆగిపోతాయి. కడుపులోది పైకి తన్నుకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. 1946లో న్యూయార్క్‌లో మెండెల్సన్ అనే ప్రసూతి వైద్యుడు పురుటి మత్తులో ఇలా జరిగిన కేసులన్నీ పోగేసి, కడుపులోని పులుపు ఊపిరితిత్తిని ఎలా కాల్చేస్తుందో చూపించాడు. ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దనే నియమం వెనక ఉన్న భయం ఇదే. ఉత్త మంచినీళ్లైతే రెండు గంటల ముందు దాకా పరవాలేదు. పాలు పోసిన కాఫీ మాత్రం భోజనం లెక్కలోకే వస్తుంది. మన వైపు చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. "ఏమీ తినలేదండీ, ఒక గ్లాసుడు కాఫీ, అంతే" అంటారు. ఆ ఒక్క గ్లాసుకి ఆపరేషన్ మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది.

క్లోరోఫామ్‌ని మనుషుల మీదకి తెచ్చినవాడు ఎడిన్‌బరోలో ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్. 1847 నవంబరు 4 రాత్రి ఇంట్లో భోజనాలయ్యాక స్నేహితులతో కలిసి తనే పీల్చి చూశాడు. అందరూ బల్ల కిందకి జారిపోయారు. ఈథర్ కంటే తియ్యని వాసన, చప్పున పనిచేస్తుంది, నిప్పంటుకోదు, చిన్న సీసాలో పట్టేస్తుంది. రెండు నెలల్లో కలకత్తా చేరింది. మూడు నెలలు నిండకముందే ఒక ప్రాణం తీసింది.

న్యూకాసిల్ దగ్గర వినలేటన్ అనే ఊళ్లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల. కాలి బొటనవేలి గోరు తీయాలి. అంతే పని. అంతకుముందు ఇంకో గోరు ఈథర్‌తో తీయించుకుంది, బాగానే ఉంది. 1848 జనవరి 28న క్లోరోఫామ్ గుడ్డ ముక్కు దగ్గర పెట్టేసరికే ఆ పిల్ల వణికిపోతోంది, ఏడుస్తోంది. గోరు కోస్తుండగా ఒక్క ఉదుటున కదిలింది, మొహం తెల్లబోయింది, పెదాలు పాలిపోయాయి. నోట్లో నీళ్లు పోశారు, బ్రాందీ పోశారు. మూడు నిమిషాల్లో అంతా అయిపోయింది.

అక్కడ మొదలైంది తగాదా. మందు మంచిదే, స్పృహ లేని పిల్ల నోట్లో బ్రాందీ పోసి ఉక్కిరిబిక్కిరి చేశారు, తప్పు చేతిది అన్నాడు సింప్సన్. కాదు, మోతాదు మించిన క్లోరోఫామ్ గుండెని ఆపేసిందన్నాడు లండన్‌లో జాన్ స్నో. ఈ స్నో సామాన్యుడు కాదు. కలరా నీళ్ల వల్ల వస్తుందని నిరూపించినవాడూ, 1853లో విక్టోరియా రాణికి పురిట్లో క్లోరోఫామ్ ఇచ్చినవాడూ ఆయనే. లండన్ వాళ్లు అప్పట్నుంచీ ఒక చెయ్యి నాడి మీద పెట్టుకుని మత్తిచ్చేవారు. ఎడిన్‌బరో వాళ్లు నాడి ముట్టుకునేవారే కాదు. ఊపిరి చూడు, ఊపిరి సరిగ్గా ఉంటే గుండె దాని సంగతి అది చూసుకుంటుంది: ఇదీ అక్కడి పెద్ద శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ తన శిష్యులకి నేర్పిన పాఠం.

ఆ శిష్యుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆయన చేతికింద, హైదరాబాద్ మెడికల్ స్కూలూ ఆయన చేతికిందే. ఆ స్కూలు పెట్టింది సరిగ్గా ఈథర్ మత్తు పుట్టిన 1846లోనే, మొదట్లో వైద్యమంతా ఉర్దూలో చెప్పేవారు. లారీ తెలివైనవాడు, పనిమంతుడు, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని వెతుకుతున్న రోజుల్లో, అసలు అలాంటి క్రిమే లేదని వాదించిన పెద్దమనిషి కూడా ఈయనే. రాస్ 1897 ఆగస్టు 20న దాన్ని చూపించాడు. ఆ ముచ్చట ఇంకోసారి.

లారీ నమ్మకం సూటిది. క్లోరోఫామ్ గుండెని ముట్టుకోదు. చచ్చిపోయిన ప్రతి రోగీ ముందు ఊపిరాగి చచ్చిపోయాడు, ఇచ్చినవాడు నాడి లెక్కపెట్టుకుంటూ ఆ సంగతి చూసుకోలేదు. అంటే మత్తులో వచ్చిన ప్రతి చావూ మత్తిచ్చినవాడి చేతుల్లో జరిగిన హత్యే. ఇలా పైకి అనడానికి గుండె ధైర్యం కావాలి. అఫ్జల్‌గంజ్‌లో వేల మందికి ఈ పద్ధతిలోనే మత్తిచ్చామని ఆయన ధీమా.

1888లో తన కింది డాక్టర్లతో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ వేశాడు. కుక్కల మీద ప్రయోగాలు చేశారు. అన్నిట్లోనూ ముందు ఊపిరే ఆగింది, ఆ తర్వాతే గుండె. లండన్‌లో 'లాన్సెట్' పత్రిక ఈ నివేదికని చూసి పెదవి విరిచింది. యూరప్‌లో ఇన్నేళ్లుగా తేలినదానికి ఇది పూర్తిగా ఎదురు కదా అంది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఇరవై మూడేళ్ల కుర్రవాడు, ఒక పని చేశాడు. వెయ్యి పౌన్లు ఇస్తాం, మీకు నమ్మకమున్న మనిషిని పంపండి, మా ఊళ్లోనే మళ్లీ ప్రయోగాలు చేయించి చూసుకోండి అన్నాడు. ఒక దేశీ సంస్థానాధీశుడు లండన్ వైద్య ప్రపంచానికి పరీక్ష ఖర్చులు పెట్టుకుని మరీ సవాలు విసరడం అప్పట్లో చిన్న విషయం కాదు. నవాబుల వినోదాల గురించి రాసినంత మన చరిత్రకారులు ఈ వెయ్యి పౌన్ల గురించి రాయలేదెందుకో.

లాన్సెట్ పంపిన మనిషి థామస్ లాడర్ బ్రంటన్. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయన్న శాస్త్రంలో ఆ రోజుల్లో మొదటి వరసలో ఉన్నవాడు. క్లోరోఫామ్ గుండెని ఆపగలదని అప్పటికే రాసినవాడు కూడా. కాబట్టి లారీ మనిషని ఎవరూ అనలేరు. 1889 అక్టోబరులో పని మొదలైంది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, బోమ్‌ఫర్డ్, రుస్తుంజీ సభ్యులు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు. పొగ పట్టించిన కాగితం చుట్టిన డోలు తిరుగుతుంటే రక్తపోటు సన్నని తెల్ల గీతగా దాని మీద పడేది. ప్రతి కాగితాన్నీ ఫొటో తీశారు. మనుషుల్లో జబ్బు గుండెలుంటాయి కదా అని, కొన్ని కుక్కలకి భాస్వరం పెట్టి గుండె కండరాన్ని పాడుచేసి మరీ క్లోరోఫామ్ ఇచ్చారు. ఊపిరి బిగబట్టించి ఇచ్చారు, గొంతు నొక్కి ఇచ్చారు, మార్ఫియా కలిపి ఇచ్చారు. ఈ కాలంలో అలాంటి ప్రయోగానికి ఏ సంఘమూ అనుమతివ్వదు. ఇవ్వకూడదు కూడా.

డిసెంబరులో బ్రంటన్ లండన్‌కి తంతి కొట్టాడు. నాలుగు వందల తొంభై జంతువుల మీద చూశాం, ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లో మోతాదు మించడం వల్లో వస్తోంది, గుండె మీద నేరుగా దెబ్బ ఏమీ లేదు అని దాని సారాంశం. ఎదుటి పక్షం సాక్షి వచ్చి మన పక్షాన చెప్పినట్టయింది. లారీ గెలిచాడు. 1890లో లాన్సెట్ నిండా హైదరాబాదు గీతలే.

ఆ కమిషన్ చివర్లో రాసిన ఆచరణ సూత్రాల్ని ఇవాళ చదివినా సగం పైగా నిలబడతాయి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ దగ్గరా ఛాతీ దగ్గరా పొట్ట దగ్గరా బట్ట బిగుతుగా ఉండకూడదు. ఇచ్చే మనిషి కళ్లు ఊపిరి మీదే ఉండాలి, కోసే డాక్టరు ఏం కోస్తున్నాడో చూడకూడదు. కింది దవడని ముందుకి ఎత్తి పట్టాలి. ఊపిరి ఏ మాత్రం తేడాగా ఉన్నా మందు తీసేయాలి, ఆగితే ఆ క్షణమే కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి. దవడెత్తి పట్టడం ఇప్పటికీ మత్తు విద్యార్థి నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. ఒక్కటే తప్పు: నాడి చూడక్కర్లేదన్నారు.

లారీ చేతికింద ఉన్న ఆ మెడికల్ స్కూల్లోనే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది. 1885లో చేరిన అయిదుగురు ఆడపిల్లల్లో ఒకరు. పార్సీ కుటుంబం. 1889లో హకీమ్ పట్టా పుచ్చుకుని, అఫ్జల్‌గంజ్ దవాఖానాలోనూ జనానా ఆసుపత్రిలోనూ దాదాపు ముప్పై ఏళ్లు క్లోరోఫామ్ ఇచ్చింది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరని చెప్పుకుంటారు. ఆమెకి ఉన్న పట్టుదల ఎలాంటిదంటే, 1909లో ఎడిన్‌బరో వెళ్లి మళ్లీ విద్యార్థినిగా కూర్చుంది. అక్కడ మత్తుకంటూ వేరే చదువు లేకపోతే, మత్తు డాక్టరుకి కావలసింది ఇదే కదా అని భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుంది. అనీ బిసెంట్ పరిచయ లేఖ రాసిచ్చింది. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసింది. లారీ పేరు మీద కమిషన్ ఉంది, గొడవా ఉంది. రోజూ పొద్దున్నే ముక్కు దగ్గర గుడ్డ పట్టుకుని ఒక్కో రోగినీ నిద్రలోంచి వెనక్కి తెచ్చిన పని మాత్రం ఇలాంటి వాళ్లది. నన్నడిగితే హైదరాబాదు ఈ కథలో గర్వంగా చెప్పుకోవలసిన పేరు ఆమెది.

వాళ్లు పనిచేసిన అఫ్జల్‌గంజ్ దవాఖానా ఇప్పుడు లేదు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆ ఆవరణలో ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది బతికారంటారు. ఆ చోటే తర్వాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

లారీ వాదం మాత్రం వరదకంటే ముందే బీటలు వారింది. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు ఒక కుక్క రక్తాన్ని ఇంకో కుక్క మెదడుకి మళ్లించే కష్టమైన ప్రయోగం చేశారు. క్లోరోఫామ్ మెదడుకి మాత్రమే వెళ్తే రక్తపోటు పడిపోలేదు, పెరిగింది. గుండెకి వెళ్లినప్పుడే పడిపోయింది. అంటే మందు గుండెని నేరుగా నీరసపరుస్తోంది. లారీ ఒప్పుకోలేదు, ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. అసలు ముడి విప్పింది 1911లో లండన్‌లో ఎ.జి. లెవీ. ఆయన పిల్లులకి క్లోరోఫామ్ ఎక్కువిచ్చి చూడలేదు, తక్కువిచ్చి చూశాడు. సగం మత్తులో ఉన్న పిల్లికి కాస్త ఎడ్రినలిన్ ఎక్కించగానే గుండె కొట్టుకోవడం మాని గిలగిలా అదిరి ఆగిపోయింది. ఎడ్రినలిన్ అంటే భయంలోనూ నొప్పిలోనూ ఒళ్లు తనంత తాను వదిలేదే. వణుకుతూ, ఏడుస్తూ, సగం మత్తులో గోరు కోయించుకున్న హానా గ్రీనర్‌కి జరిగింది అదేనని అరవై మూడేళ్ల తర్వాత అర్థమైంది. హైదరాబాదులో కుక్కలన్నిటికీ నిండా మత్తిచ్చారు. నిండు మత్తులో ఆ ప్రమాదం తక్కువ. చూడని చోట ఉన్న దాన్ని చూడలేకపోయారు. పైగా రెండు మూడు రోజుల తర్వాత కాలేయం చెడి పిల్లలు పోవడం కూడా క్లోరోఫామ్ పద్దులోనే పడింది.

ఆ తర్వాతి వందేళ్లని వేగంగా దాటేద్దాం. 1917లో బాయిల్ తయారుచేసిన మత్తు యంత్రం పేరు ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో బాయిల్స్ మెషీనే. 1934లో థయోపెంటోన్ వచ్చింది: నరంలో సూది, పది అంకెలు లెక్కపెట్టేలోపు నిద్ర. ముక్కు దగ్గర గుడ్డ పెట్టి అదిమి పట్టే అవస్థ తప్పింది. రక్తం పోయి నీరసించిన మనిషికి అదే మోతాదిస్తే రక్తపోటు కుప్పకూలుతుంది. 1956లో మాంచెస్టరులో మొదటిసారి వాడిన హాలోథేన్ క్లోరోఫామ్‌కి మర్యాదస్తుడైన మనవడిలాంటిది: తియ్యగా ఉంటుంది, అంటుకోదు, కానీ తాత లక్షణాలు రెండూ కొంచెం కొంచెం వచ్చాయి, గుండె ఎడ్రినలిన్‌కి అదరడమూ, అరుదుగా కాలేయం చెడడమూ. 1970లో అమెరికాలో అనుమతి పొందిన కెటమిన్ చిన్న ఊళ్ల ఆసుపత్రులకి పెద్ద దిక్కైంది, ఎందుకంటే ఊపిరినీ రక్తపోటునీ అంతగా తగ్గించదు. దాని ఖరీదు భయంకరమైన కలలు, మెలకువ వచ్చాక అరుపులు. 1986లో వచ్చిన తెల్లని ప్రొపోఫాల్ హాయిగా నిద్రపుచ్చుతుంది, హాయిగా లేపుతుంది, ఊపిరిని మాత్రం చెప్పకుండా ఆపేస్తుంది. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ ఇంట్లో జరిగింది అదే: ఆపరేషన్ గదిలో వాడాల్సిన మందుని, ఊపిరి చూసే ఏర్పాటు లేని పడకగదిలో ఎక్కించారు. లారీ బతికుంటే అక్కడ బల్ల గుద్ది చెప్పేవాడు, చేతిదే తప్పని.

లారీ మాట నిజంగా నెగ్గిన సందర్భం కూడా ఒకటుంది. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకి పూసే విషం కురారే. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో గ్రిఫిత్, ఈనిడ్ జాన్సన్ అనే డాక్టర్లు దాన్ని ఆపరేషన్ బల్ల మీదకి తెచ్చారు. ఇది నిద్రపుచ్చదు, నొప్పి తగ్గించదు. కండరాల్ని వదులు చేస్తుంది, అంతే. పొట్ట మెత్తబడితే కోసేవాడికి సుఖం. మరి ఊపిరి తీసేదీ కండరాలే. 1954లో హార్వర్డ్‌కి చెందిన బీచర్, టాడ్ అనే ఇద్దరు పది ఆసుపత్రుల్లో అయిదేళ్లలో జరిగిన 5,99,548 మత్తుల లెక్క తీశారు. కండరాల మందు వాడనిచోట 2,100 మందికి ఒకరు మత్తు కారణంగా పోతే, వాడినచోట 370 మందికి ఒకరు. ఆరింతలు. మందులోనే ఏదో సహజ విషం ఉందన్నాడు బీచర్. మిగతా మత్తు డాక్టర్లు మండిపడ్డారు. విషమేమీ లేదు, మందు పూర్తిగా దిగకముందే రోగిని వార్డుకి తోసేస్తున్నారు, ఊపిరి చాలక పోతున్నారు అన్నారు. చివరికి వాళ్లదే నిజమైంది. విరుగుడు మందివ్వడం, ఊపిరి యంత్రంతో నడపడం, పూర్తిగా తేరుకునేదాకా పక్కనే ఉండడం మామూలయ్యాక ఆ ఆరింతల తేడా పోయింది.

మందుదా, చేతిదా అని వందేళ్లు కొట్టుకున్నవాళ్లు మూడో దాన్ని మరిచారు. పడుకున్న మనిషి ఒళ్లు.

1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కి ఒక ఇరవై ఒక్కేళ్ల కుర్రవాడు కాలు విరగ్గొట్టుకుని వచ్చాడు. కాలు సంగతి అడిగితే మత్తు సంగతి చెప్పాడు: మా చుట్టాల్లో పదిమంది ఈథర్ ఇవ్వగానే చచ్చిపోయారండీ, నాకు అదంటేనే భయం. మైకేల్ డెన్‌బరో అనే డాక్టరు ఆ మాటని తోసిపుచ్చలేదు. ఈథర్ మాని హాలోథేన్ ఇచ్చారు. పది నిమిషాల్లో ఒళ్లు నిప్పులా కాలింది, నాడి ఉరికింది. మందు ఆపి మంచుతో చల్లబరిచి బతికించారు. వంశంలో దిగే ఒక లోపం వల్ల కొన్ని మత్తులు తగలగానే కండరాలు మండిపోతాయని అలా తెలిసింది. దానికి డాంట్రోలిన్ అనే విరుగుడు ఆ తర్వాత వచ్చింది.

ఇంకొక వంశపు కథ మన గుమ్మంలోదే. 1951 నుంచి వాడుకలోకి వచ్చిన కండరాల మందు సక్సామిథోనియం. మన డాక్టర్ల నోట స్కోలిన్. గొంతులో గొట్టం వేయాల్సిన అత్యవసరంలో దీనికి సాటి లేదు, అర నిమిషంలో ఒళ్లంతా వదులైపోతుంది, అయిదు పది నిమిషాల్లో దిగిపోతుంది. అలా దిగిపోడానికి కారణం రక్తంలో బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేసేయడం. కొందరిలో మాత్రం పది నిమిషాలు గడిచినా వేలు కదలదు, గంట గడిచినా ఊపిరి రాదు. టొరంటోలో వెర్నర్ కాలో 1950లలో వీళ్లని పరీక్షించి, వాళ్లలో ఆ ఎంజైము పుట్టుకతోనే వేరు రకమని చూపించాడు. ఏ మందు ఏ వంశానికి ఎలా పనిచేస్తుందనే శాస్త్రానికి పునాది పడిన చోట్లలో ఇదొకటి.

మన దగ్గర ఈ లోపం ఎక్కువ కనపడేది ఆర్యవైశ్యుల్లో. ఈ సంగతి దక్షిణాది మత్తు డాక్టర్లకి అనుభవం మీద ముందే తెలుసు. 2006లో మనోహరన్, బూపతి, అమెరికాలో లాక్‌రిడ్జ్ కలిసి వైశ్యుల రక్తంలో ఆ ఎంజైము జన్యువుని చదివి, అందులో ఒక్క అక్షరం మారిందని చూపించారు. 2017లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రైక్ బృందం ఇంకా వెనక్కి వెళ్లారు. రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలై, అప్పట్నుంచీ తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాల్లో వైశ్యులు ఒకరని లెక్క తేల్చారు. ఈ ఎంజైము లోపం వాళ్లలో మిగతావాళ్లకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. పెనుగొండ కన్యకాపరమేశ్వరినీ, అమ్మవారి వెంట నిలిచిన నూటరెండు గోత్రాలనీ తరతరాలుగా చెప్పుకుంటున్న కులం. ఆ గోత్రాల మధ్యే సాగిన సంబంధాల చరిత్రే రక్తంలోనూ రాసి ఉంది.

ఇది జబ్బు కాదు. స్కోలిన్ తగలకపోతే నూరేళ్లు బతికినా తెలీదు. తగిలినా, యంత్రం మీద ఊపిరి నడుపుతూ, లోపల స్పృహ రాకుండా మత్తు కొనసాగిస్తూ, తాపీగా కూర్చునే డాక్టరుంటే కొన్ని గంటల్లో మనిషి లేచి కూర్చుంటాడు. కూర్చోవలసిన చోట కూర్చోకపోవడమే ముప్పు. ఇప్పుడు దారులూ ఉన్నాయి. ఆట్రాక్యూరియం రక్తంలో తనంత తానే విడిపోతుంది, ఆ ఎంజైముతో దానికి పని లేదు. రోక్యూరోనియం ఇస్తే దాన్ని నిమిషాల్లో పట్టి బంధించే సుగమ్మాడెక్స్ ఉంది, ఖరీదు మాత్రం కొంచెం ఎక్కువే.

వినుకొండ చుట్టుపక్కల ఈ ఎంజైముకి ఇంకో శత్రువుంది, దానికి కులంతో పనిలేదు. పత్తికీ మిర్చికీ కొడుతూ వచ్చిన మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్, రోగార్ లాంటి పురుగుమందులు చంపేది పురుగులోని ఇలాంటి ఎంజైమునే. మనిషి ఒంట్లో చేరితే మన ఎంజైమునీ పట్టేస్తాయి. పురుగుమందు తాగి గుంటూరు పెద్దాసుపత్రికి చేరిన మనిషికి ఊపిరి ఆగడం, నోట్లోంచి నురగ, అట్రోపిన్ సూదులు, ఇదంతా పల్నాట్లో తెలియని ఇల్లుండదు. అలాంటి మనిషికి గొంతులో గొట్టం వేసేటప్పుడు స్కోలిన్ ఇస్తే గంటల తరబడి దిగదు, అందుకే డాక్టర్లు ఇంకో మందు వెతుక్కుంటారు. చేలో గాలికెదురు నిలబడి వారాల తరబడి మందు కొట్టినవాడి రక్తంలోనూ ఈ ఎంజైము తగ్గి ఉండొచ్చు. అలాంటివాడికి ఆ వారంలోనే అపెండిసైటిస్ వచ్చి బల్ల ఎక్కితే, ఆ సంగతి మత్తు డాక్టరుకి తెలియాలి. అతను అడగకపోతే మీరే చెప్పండి.

ఆపరేషన్‌కి ముందురోజు ఆ డాక్టరు మంచం పక్కన నిలబడి అడిగే ప్రశ్నలు చాలామందికి వింతగా తోస్తాయి. కట్టుడు పళ్లున్నాయా? మెట్లెక్కితే ఆయాసమొస్తుందా? చుట్ట తాగుతావా? బీపీ మాత్ర ఏది? ఇంతకుముందు మత్తు తీసుకున్నావా? మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్‌లో మెలకువ రావడం ఆలస్యమైందా? మా చిన్నాయన ఆపరేషనప్పుడు పొద్దు గూకేదాకా లేవలేదంట, అనే మాట ఆ గదిలో ఎవరో ఒక ముసలమ్మ నోట రావొచ్చు. అల్లుడు ఆమెని ఊరుకోమంటాడు. ఆ మాటే మెల్‌బోర్న్‌లో ఆ కుర్రవాడి ప్రాణం నిలిపింది. మళ్లీ కొన్నిచోట్ల ఈ ప్రశ్నలే అడగరు. కోసే డాక్టరు పేరు కరపత్రాల మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మత్తిచ్చే డాక్టరు ఎవరో కాగితాల మీద సంతకంలో తప్ప కనపడడు. బల్ల ఎక్కేముందు ఆయన పేరడగడం మన హక్కు, ఆయన ఆపరేషన్ అయ్యేదాకా గదిలోనే ఉంటాడా అని అడగడం ఇంకా ముఖ్యం.

ఆయన ముందున్న తెర మీద ఇప్పుడు రెండు గీతలు పక్కపక్కనే పరిగెత్తుతాయి. వేలికి తొడిగిన చిన్న క్లిప్పు నాడినీ రక్తంలో ఆక్సిజన్‌నీ చూపిస్తుంది. దాని వెనకున్న ఆలోచన 1970లలో జపాన్‌లో టకువో అయొయాగిది. ఊపిరితో బయటికొచ్చే గాలిని కొలిచే గీత ఇంకోటి. లండన్ వాళ్ల నాడి, ఎడిన్‌బరో వాళ్ల ఊపిరి, రెండూ ఒకే తెర మీద.

వచ్చే భాగంలో: ఊపిరినీ స్పృహనీ వదిలిపెట్టి, నడుము కింద మాత్రమే మొద్దుబార్చే సూది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ అనే డాక్టరు దాన్ని తనమీదే చేయించుకుని తొమ్మిది రోజులు తల పట్టుకుని పడుకున్నాడు. సిజేరియన్ తర్వాత మన ఆడవాళ్లు చెప్పే నడుము నొప్పికీ ఆ సూదికీ సంబంధం ఉందా లేదా అన్నది కూడా అక్కడే.